సిడ్నీ హార్బర్‌లో డిన్నర్ క్రూజ్: అత్తమామలను తీసుకెళ్లాలనుకుంటే

ప్రశ్న: మా అత్తగారు, మామగారు డిసెంబర్ రెండో వారంలో విజయవాడ నుంచి సిడ్నీ వస్తున్నారు, ఫిబ్రవరి దాకా ఉంటారు. మామగారి షష్టిపూర్తి అక్కడే అయిపోయింది. ఇక్కడ మా తరఫున ఏదైనా చేద్దామని హార్బర్‌లో డిన్నర్ క్రూజ్ అనుకుంటున్నాం. మామగారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పైగా పడవంటే భయం. బాబుకి ఐదేళ్లు. అంత డబ్బు పెట్టడం దండగేమో అని మావారి అనుమానం. కిటికీ పక్క టేబుల్‌కి అదనంగా కట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:

అమ్మా, ఇది నాకు బాగా తెలిసిన సబ్జెక్టు. నేను 2011లో స్టూడెంట్ వీసా మీద వచ్చాను. చదువుకుంటూ రెండేళ్లకు పైగా శుక్ర, శని రాత్రుళ్లు ఇలాంటి డిన్నర్ పడవల్లోనే ప్లేట్లు మోశాను. ఎడమ చేతి మీద మూడు ప్లేట్లు పెట్టుకుని ఇరుకు మెట్లు ఎక్కడం నాకు ఇప్పటికీ వచ్చు, మా ఆవిడ నమ్మదు. ఉద్యోగం వచ్చాక మా అమ్మానాన్నలతో, తర్వాత ఊరి నుంచి వచ్చిన బంధువులతో ఏడెనిమిది సార్లు టికెట్ కొనుక్కుని ఎక్కాను. అందుకని వడ్డించేవాడి లెక్కా చెప్పగలను, డబ్బు కట్టేవాడి లెక్కా చెప్పగలను.

దండగేమో అన్న మీవారి అనుమానంలో సగం నిజం ఉంది. భోజనం కోసమే వెళ్తే దండగే. అదే డబ్బుకి ఒడ్డు మీద ఇంతకంటే మంచి భోజనం దొరుకుతుంది. పడవలో వంటగది మన అపార్ట్‌మెంట్ బాల్కనీ అంత ఉంటుంది, అందులోంచి రెండు మూడు వందల మందికి వేడివేడిగా ప్లేట్లు వెళ్లాలి. రుచి ఎంతవరకు ఉంటుందో మీరే ఊహించుకోండి. మీరు డబ్బు పెట్టేది వెలుగుండగా బయల్దేరి చీకట్లో తిరిగి రావడానికి. ఆ మధ్యలో ఆకాశం రంగు మారే ముప్పావు గంట నీళ్ల మీద ఉండటానికి. ఇది గుర్తుపెట్టుకుంటే ఏ పడవ, ఏ రోజు, ఏ టేబుల్ అన్న ప్రశ్నలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ముందు టైమ్ సంగతి. డిసెంబర్ చివర, జనవరి మొదట్లో సిడ్నీలో పొద్దు గుంకేది రాత్రి 8 దాటాక. ఎండాకాలం కావడం ఒక కారణం, అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా గడియారాలు గంట ముందుకు జరిపి ఉంచడం ఇంకో కారణం. అంటే 7 లేదా 7:30కి కదిలే పడవ మీకు సరిగ్గా సరిపోతుంది. పగలు, సంధ్య, రాత్రి మూడూ ఒకే టికెట్‌లో వచ్చేస్తాయి. అదే జూన్‌లో వచ్చేవాళ్లకి నేను ఈ సలహా ఇవ్వను. అప్పుడు 5 లోపే పొద్దు పోతుంది, 7 గంటల పడవ ఎక్కేసరికి కటిక చీకటి. వాళ్లు సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో కదిలే పడవ చూసుకోవాలి. కాకపోతే మే చివర, జూన్ మొదట్లో వివిడ్ లైట్ల పండగ జరిగే రోజులు వేరు. అప్పుడు చీకటే కావాలి.

రెండోది రోజు. ఇది చాలామంది పట్టించుకోరు, తర్వాత బాధపడతారు. డిసెంబర్ రెండు, మూడు వారాల్లో పడవలన్నీ ఆఫీసుల క్రిస్మస్ పార్టీలతో నిండిపోతాయి. ఏడాదంతా ఎక్సెల్ షీట్ల ముందు కూర్చున్న మనుషులు ఆ ఒక్క రాత్రి ఎలా మారిపోతారో నేను కళ్లారా చూశాను. ఒకసారి నలభై మంది అకౌంటెంట్లు మెట్ల మీద వరసగా కూర్చుని రైలాట ఆడారు. చేతిలో సూప్ గిన్నెలతో నేను పావుగంట కిందే నిలబడ్డాను. వాళ్ల ఆనందం వాళ్లది, తప్పు పట్టను. కానీ షష్టిపూర్తి అయిన పెద్దాయన పక్క టేబుల్‌లో కూర్చోదగ్గ వాతావరణం కాదది. డిసెంబర్ 31 గురించి అయితే ఆలోచనే పెట్టుకోకండి. ఆ రోజు టికెట్లు మనిషికి వందల డాలర్లలో ఉంటాయి, సాయంత్రమే ఎక్కాలి, అర్ధరాత్రి బాణాసంచా అయ్యాక గానీ దిగనివ్వరు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది శిక్ష. నా ఓటు జనవరి రెండో వారం తర్వాత సోమ, మంగళ, బుధవారాల్లో ఏదో ఒక రోజుకి. ధర కాస్త తగ్గుతుంది, జనం పలచగా ఉంటారు, వెయిటర్లకి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. జనవరి 26 సెలవు కాబట్టి దాన్ని తప్పించండి.

ధరలు సీజన్‌ని బట్టి మారుతుంటాయి కానీ మామూలు మూడు విడతల భోజనంతో పెద్దవాళ్లకి 100 నుంచి 200 డాలర్ల మధ్య అనుకోండి. పిల్లలకి తక్కువ. దాని మీద డ్రింక్స్ ప్యాకేజీ అని ఇంకొకటి తగిలిస్తారు. తాగని ఇంట్లో ఐదుగురికి డ్రింక్స్ ప్యాకేజీ కొనడం శుద్ధ దండగ, బార్‌లో విడిగా కొనుక్కోండి. ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. లెమన్ లైమ్ అండ్ బిటర్స్ అని గులాబీ రంగులో ఒక డ్రింక్ ఇస్తారు. చూడటానికి మన నిమ్మ షర్బత్‌లా ఉంటుంది, అందరూ పిల్లల డ్రింకే అనుకుంటారు. అందులో వేసే బిటర్స్ నాలుగైదు చుక్కలే అయినా అది ఆల్కహాలే. మీ మామగారికి పట్టింపు ఉంటే ముందే చెప్పండి. జింజర్ బీర్‌లో మాత్రం మామూలుగా పేరులో తప్ప బీర్ ఉండదు, అది అల్లం సోడా. ఆల్కహాల్ ఉన్న రకాలూ ఉంటాయి కాబట్టి సీసా చూసి తీసుకోండి. మా నాన్నగారు ఆ పేరు విని గ్లాసు ఒక అడుగు దూరం జరిపారు. సీసా మీద రాసింది చదివి వినిపించాక రెండు తాగారు.

ఇక భోజనం. ఇక్కడ ఎంట్రే అంటే మొదట వచ్చే చిన్న ప్లేటు, మెయిన్ అంటే అసలు భోజనం, చివర డెజర్ట్. పెద్ద పార్టీలు, చవక ప్యాకేజీల్లో ఆల్టర్నేట్ డ్రాప్ అని ఒక పద్ధతి ఉంది. రెండు రకాల వంటకాలు చేసి ఒకరికి ఒకటి, పక్కవారికి ఇంకొకటి చొప్పున పెట్టుకుంటూ పోతారు. మీరు కోరుకునేది ఏమీ ఉండదు. మీ ముందు బీఫ్ పడొచ్చు, పక్కాయన ముందు చేప పడొచ్చు, కావాలంటే మీలో మీరు మార్చుకోవాలి. మన కుటుంబాలకి ఇది కుదరదు. బుక్ చేసేటప్పుడు మెనూలోంచి ఎంచుకునే వీలుందా లేదా అన్నది మొదటి ప్రశ్న.

శాకాహారం దొరుకుతుంది, అందులో సందేహం లేదు. ఎక్కువగా మష్రూమ్ రిసోట్టోనో (ముద్దగా వండే ఇటాలియన్ అన్నం), గుమ్మడికాయతో ఏదో ఒకటో పెడతారు. అసలు సమస్య ఇక్కడ వెజిటేరియన్ అన్న మాటకి ఉన్న అర్థంలో ఉంది. వాళ్ల లెక్కలో గుడ్డు శాకాహారమే. డెజర్ట్‌లో గుడ్డు దాదాపు ఖాయం. పనకోటా, మూస్ లాంటివాటిలో జెలటిన్ ఉండొచ్చు, అది పశువుల ఎముకల నుంచో చర్మం నుంచో తీసేది. అసలైన పర్మేసాన్ చీజ్‌లో పాలను గడ్డకట్టించడానికి వాడే రెన్నెట్ ఉంటుంది, అది దూడ పొట్టలోంచి తీసేది. నేను పనిచేసేటప్పుడు మనవాళ్లు వచ్చి వెజ్ అంటే వెజ్ అని టిక్కు పెట్టుకుని వెళ్లేవాడిని. అడిగితేనే గానీ ఇవన్నీ ఎవరూ చెప్పరు, చెప్పాలని వాళ్లకి తట్టదు కూడా. కాబట్టి బుకింగ్‌లో ఉండే చిన్న పెట్టెలో వెజిటేరియన్ అని టిక్కు పెట్టి ఊరుకోకండి. గుడ్డు వద్దు, జెలటిన్ వద్దు, పర్మేసాన్ వద్దు అని విడివిడిగా ఈమెయిల్ రాయండి, జవాబు వచ్చేదాకా వదలకండి. ఎక్కిన తర్వాత చెప్తే వంటవాళ్లు చేయగలిగింది చాలా తక్కువ. కొట్టుకెళ్లి తేవడానికి చుట్టూ నీళ్లే కదా.

మాటల్లో ఒక సంగతి గుర్తొచ్చింది. ఒక శనివారం మేడ మీద టేబుల్‌లో ఒక తెలుగు కుటుంబం, పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. రిసోట్టో ప్లేటు పెట్టాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, నా చొక్కా మీద పేరు చదివి, మెల్లగా, "బాబూ, పెరుగేమైనా ఉందా?" అన్నారు. నాకు నవ్వాగలేదు. కిందికి వెళ్లి చెఫ్‌ని అడిగితే, డెజర్ట్ కోసం ఉంచిన గట్టి పెరుగు ఒక గరిటెడు గిన్నెలో వేసి ఇచ్చాడు. పైకి వచ్చేసరికి ఆయన లాల్చీ జేబులోంచి చిన్న స్టీలు డబ్బీ తీసి మూత తిప్పుతున్నారు. మాగాయ. బయటి తిండి పడవలోకి తేకూడదన్నది రూల్, నేను చూడనట్టు సముద్రం వైపు తిరిగాను. ఆయన రిసోట్టోలో పెరుగు కలుపుకుని మాగాయ నంజుకుని మొత్తం తినేశారు. కోడలు సిగ్గుతో తల దించుకుంది గానీ, ఆ రాత్రి ఆ పడవలో అంత తృప్తిగా తిన్నది ఆయనొక్కరే. మీకు డబ్బీ పట్టుకెళ్లమని నేను చెప్పడం లేదు. ఎవరి పక్షాన నుంచోవాలో మాత్రం ఆ రోజు నాకు అర్థమైంది.

బయటి నుంచి కేకు తేవడానికీ ఇలాంటి రూల్సే ఉంటాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే హారిస్ పార్క్‌లోనో వెస్ట్‌మీడ్‌లోనో ఎగ్‌లెస్ కేకు చేయించి తీసుకెళ్లాలని మీకు ఆలోచన వస్తుంది. కొన్ని పడవలు ఒప్పుకుంటాయి, కేకేజ్ అని మనిషికి ఇంత చొప్పున తీసుకుని కోసి పెడతాయి. కొన్ని అసలు ఒప్పుకోవు. కొవ్వొత్తులు వెలిగించనివ్వకపోవచ్చు. ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పుడు అసలు కిటుకు చెప్తాను. వంటగదివాళ్లకి సూర్యుడితో పనిలేదు. వాళ్ల టైమ్ ప్రకారం మెయిన్ ప్లేట్లు బయటికి వస్తాయి, అది వేసవిలో సరిగ్గా పొద్దు గుంకే వేళకి పడుతుంది. ఎన్నిసార్లు చూశానో. బయట ఆకాశం కాషాయం నుంచి ఊదా రంగులోకి దిగుతుంటుంది, ఒపేరా హౌస్ పక్కనుంచి వెళ్తుంటాం, లోపల రెండొందల మంది తలలు వంచుకుని కత్తితో మాంసం కోసుకుంటుంటారు. తలెత్తేసరికి చీకటి. మీరు ఎక్కగానే వెయిటర్‌ని పిలిచి, మెయిన్ ఎన్నింటికి తెస్తారు, కాస్త ముందుగానో ఆలస్యంగానో తేగలరా అని అడగండి. వీలైతే చేస్తారు, వారం మధ్యలో తప్పకుండా వీలవుతుంది. కాకపోతే ప్లేటు అక్కడే వదిలేసి పైకి వెళ్లండి. చల్లారిన రిసోట్టోకీ వేడి రిసోట్టోకీ పెద్ద తేడా లేదు, నేను రెండూ తిన్నాను.

కిటికీ టేబుల్‌కి అదనంగా ఇవ్వాలా అన్నారు. మామూలుగా అయితే వద్దంటాను. చీకటి పడగానే లోపలి దీపాలకి అద్దం కాస్తా అద్దమే అయిపోతుంది, బయటి దీపాల మీద మీ ముఖాలే కనిపిస్తాయి. ఫోటోలు తీస్తే ఫ్లాష్ మచ్చ తప్ప ఏమీ రాదు. డెక్ మీదికి వెళ్లగలిగినవాళ్లకి ఆ అదనపు డబ్బు దండగ. మీ విషయంలో మాత్రం కట్టమంటాను. అత్తగారు మెట్లు ఎక్కలేరు కాబట్టి ఆవిడ ఎక్కువసేపు చూసేది ఆ కిటికీలోంచే. అంతకంటే ముఖ్యంగా మూడు విషయాలు అడగండి: మా టేబుల్ ఏ అంతస్తులో ఉంది, అదే అంతస్తులో టాయిలెట్ ఉందా, మెట్లు ఎక్కకుండా బయటికి వెళ్లే డెక్ ఆ అంతస్తులో ఉందా. మూడింటికీ అవునంటేనే బుక్ చేయండి. కొన్ని పడవల్లో టాయిలెట్లు కింద, మంచి టేబుళ్లు పైన ఉంటాయి. ఖరీదైన టికెట్ కొని మెట్ల దగ్గర ఇబ్బంది పడిన పెద్దవాళ్లను చూశాను. మరో మాట, ఒడ్డు నుంచి పడవకి వేసే ర్యాంప్ వాలు ఆటుపోట్లని బట్టి మారుతుంది. సిడ్నీలో పోటుకీ పాటుకీ ఒక్కోసారి దాదాపు రెండు మీటర్ల తేడా ఉంటుంది. ఆవిడ నడక సాయానికి ఎవరో ఒకరిని ఉండమనండి, సిబ్బంది చేయి అందిస్తారు, మొహమాటపడొద్దు.

ఏ వైపు కిటికీ అని కూడా చాలామంది అడుగుతారు. ఏ వైపైనా ఒకటే. వెళ్లేటప్పుడు కుడి వైపు కనిపించిందే వచ్చేటప్పుడు ఎడమ వైపు కనిపిస్తుంది.

అత్తగారి భయం గురించి. విజయవాడ అంటున్నారు, 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన లాంచీ ప్రమాదం మన ఇళ్లలో ఎవరూ మర్చిపోలేదు. మా అమ్మకీ అదే భయం. ఆవిడ కరకట్ట మీద నుంచి కృష్ణని చూసి దండం పెడుతుంది తప్ప నీళ్లలోకి దిగదు. నేను మా అమ్మకి చెప్పిందే మీకూ చెప్తాను. ఇక్కడ ప్రయాణికుల పడవలకి ఆస్ట్రేలియన్ మారిటైమ్ సేఫ్టీ అథారిటీ ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి, ఎంతమందిని ఎక్కించుకోవచ్చో అందులో రాసి ఉంటుంది. ఎక్కేటప్పుడు తలలు లెక్కపెడతారు. మేం కొత్తగా చేరినప్పుడు ప్లేటు పట్టుకోవడం కంటే ముందు నేర్పింది లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయి, ఎలా తొడగాలి, మంట లేస్తే ఎవరు ఏ తలుపు దగ్గర ఉండాలి అన్నవే. పైగా డిన్నర్ పడవలు సాధారణంగా సముద్రంలోకి వెళ్లవు. హార్బర్ నోరు అనదగ్గ హెడ్స్ దాకా వెళ్లకుండానే, వాట్సన్స్ బే ప్రాంతం నుంచి వెనక్కి తిరుగుతాయి. లోపల నీళ్లు చెరువులా ఉంటాయి, పెద్ద పడవలో కదలిక తెలియదు. తల తిరగడం కూడా చాలా అరుదు. ఎక్కగానే లైఫ్ జాకెట్ ఎక్కడుందో ఆవిడకి చూపించమని వెయిటర్‌ని అడగండి. మా అమ్మ అది ఒకసారి చేత్తో ముట్టుకుని చూశాక గానీ మంచినీళ్లు తాగలేదు.

ఎక్కడ ఎక్కాలో టికెట్‌లో రెండుసార్లు చదువుకోండి. కొన్ని పడవలు సర్క్యులర్ కీ నుంచి, కొన్ని డార్లింగ్ హార్బర్ దగ్గరి కింగ్ స్ట్రీట్ వార్ఫ్ నుంచి కదులుతాయి, కొన్ని రెండుచోట్లా ఆగుతాయి. ఒకచోట నుంచుని ఇంకోచోట ఉండాల్సిన మనుషులు చీర కుచ్చిళ్లు పట్టుకుని పరుగెత్తడం నేను పడవ మీద నుంచి చూశాను. పడవ ఆగదు, డబ్బు వెనక్కి రాదు. మీరు పారమట్టా వైపు ఉంటే రైల్లో విన్‌యార్డ్‌లో దిగి, విన్‌యార్డ్ వాక్ అనే భూగర్భ దారిలో బరంగారూ వైపు వెళ్లండి, అక్కడి నుంచి కింగ్ స్ట్రీట్ వార్ఫ్ దగ్గరే. రైల్లో వస్తే పార్కింగ్ టెన్షన్ ఉండదు. శని, ఆదివారాల్లో ట్రాక్‌వర్క్, అంటే పట్టాల మరమ్మతు, ఉంటే రైలు బదులు బస్సు వేస్తారు, అది ముందురోజే చూసుకోండి. బయల్దేరే టైమ్ కంటే అరగంట ముందు రేవులో ఉండాలి, పెద్దవాళ్లున్నారు కాబట్టి ముప్పావు గంట వేసుకోండి.

బట్టలు ఎలాంటివైనా ఫర్వాలేదు, రబ్బరు చెప్పులు, నిక్కర్లు తప్ప. పట్టుపంచెతో వచ్చిన పెద్దాయన్ని ఎవరూ ఆపగా నేను చూడలేదు, పక్క టేబుల్‌వాళ్లు వచ్చి ఫోటో అడిగారు. కానీ ఒక్కొక్కరికి ఒక శాలువానో స్వెట్టరో ఉండాల్సిందే, మధ్యాహ్నం 38 డిగ్రీలున్నా సరే. ఇక్కడ వేసవిలో సదర్లీ బస్టర్ అని ఒక గాలి ఉంది. పగలంతా నిప్పులు చెరిగి, సాయంత్రం దక్షిణం నుంచి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. పావుగంటలో పది డిగ్రీలు పడిపోవడం మామూలే. డెక్ మీద పెట్టిన నేప్‌కిన్లన్నీ ఒక్క ఊపున గాల్లోకి లేచి నీళ్లలో పడటం, నేను వాటి వెనకాల పరుగెత్తడం, ఇదంతా వేసవిలో నెలకోసారైనా జరిగేది. చీరకి పిన్నులు ఎక్కువ పెట్టుకోమనండి.

ఏం చూడాలో పుస్తకంలా చెప్పను. కింగ్ స్ట్రీట్ వార్ఫ్ నుంచి కదిలితే కాసేపటికి వంతెన కిందికి వెళ్తారు. ఆ క్షణానికి అందరూ బయట ఉండండి, అత్తగారి కుర్చీ సైతం. 1932లో రాకపోకలు మొదలైన వంతెన, ఆర్చ్ పొడవు 503 మీటర్లు, దాదాపు 60 లక్షల రివెట్లతో బిగించారు. ఇంజినీరింగ్ అంటే ఇష్టమున్న మామగారైతే ఇది చెప్పండి: రెండు చివరలా నిలబడ్డ ఆ రాతి స్తంభాలు వంతెన బరువులో ఒక్క కిలో కూడా మోయవు, చూపు కోసం కట్టినవే. దాటగానే కుడి వైపు ఒపేరా హౌస్. దూరం నుంచి తెల్లగా కనిపిస్తుంది గానీ దగ్గరికి వస్తే పెంకులు రెండు రకాలు, మెరిసే తెలుపు, మెరవని మీగడ రంగు. స్వీడన్‌లో చేయించిన ఆ పెంకులు పది లక్షల పైచిలుకు. దాన్ని ఊహించిన డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్సన్ ప్రభుత్వంతో గొడవపడి 1966లో వెళ్లిపోయాడు. 1973లో ప్రారంభమైంది, 2008లో ఆయన చనిపోయాడు, పూర్తయిన తన భవనాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. మా నాన్న ఆ మాట విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాన్న కట్టించిన ఇంట్లో అప్పుడు అద్దెకున్నవాళ్లే ఉంటున్నారు.

బాబుకి మాత్రం నీళ్ల మధ్యనున్న ఫోర్ట్ డెనిసన్ చూపించండి. ఒకప్పుడు ఖైదీలని రొట్టె, నీళ్లతో అక్కడ వదిలేసేవారు, అందుకే దాన్ని పించ్‌గట్, అంటే కడుపు మాడ్చేది, అనేవారని చెప్తారు. ఐదేళ్లవాడికి ఇంతవరకే చెప్పండి, 1796లో అక్కడ ఉరికి వేలాడదీసిన మనిషి సంగతి పెద్దయ్యాక. చీకటి పడే వేళకి తలెత్తి చూస్తే పెద్ద పెద్ద గబ్బిలాలు హార్బర్ దాటి వెళ్తుంటాయి. తిరుగు ప్రయాణంలో వంతెన దగ్గరికి వచ్చినప్పుడు దీపాల పైన చూడమనండి. తెల్ల కాగితాలు చింపి ఎగరేసినట్టు ఏవో తిరుగుతుంటాయి. అవి సముద్రపు పిట్టలు, దీపాలకి వచ్చిన పురుగుల కోసం రాత్రంతా అక్కడే చక్కర్లు కొడతాయి. రెండేళ్లు పనిచేసి నేను మొదటిసారి వాటిని చూసింది ఉద్యోగం మానేశాక, టికెట్ కొనుక్కుని ఎక్కినప్పుడు.

ఇంత చెప్పాక కూడా మీవారు ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది, నేను చాలామందికి అదే చెప్తాను. సర్క్యులర్ కీ నుంచి మ్యాన్లీ వెళ్లే మామూలు ఫెర్రీ. అరగంట ప్రయాణం, ఒపేరా హౌస్ ముందు నుంచే వెళ్తుంది, వంతెన వెనకే కనిపిస్తుంది, టికెట్ ధర డిన్నర్ క్రూజ్‌లో ఇంచుమించు పదో వంతు. ఏడున్నరకి వెళ్లే ఫెర్రీలో పోయి, మ్యాన్లీ ఒడ్డున ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని, చీకటి పడ్డాక తిరుగు ఫెర్రీ ఎక్కితే సగానికి పైగా అనుభవం వచ్చేసినట్టే. తేడా ఒకటే. హెడ్స్ ఎదురుగా దాటేటప్పుడు ఫెర్రీ ఐదు నిమిషాలు కాస్త ఊగుతుంది, మీ అత్తగారికి అది పడకపోవచ్చు. వారం మధ్యలో నిదానంగా వెళ్లే డిన్నర్ పడవకి మీ ఇంటి పరిస్థితిలో నేను ఓటేసేది అందుకే. ఇది షష్టిపూర్తి అయిన పెద్దాయనకి కొడుకూ కోడలూ ఇస్తున్న విందు కూడా కదా. తెల్ల గుడ్డ పరిచిన టేబుల్ దగ్గర కుర్చీ లాగి కూర్చోబెట్టడం ఫెర్రీలో కుదరదు. పాపికొండల లాంచీలో విస్తరాకు భోజనం గుర్తు చేసుకుని మామగారు ఈ ప్లేటుకి వంకలు పెడతారు, పెట్టనివ్వండి.

ఒక్క పని మాత్రం చేసి వెళ్లండి. 10 గంటలకి దిగి, రైలెక్కి, ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది. ఆ వేళకి మామగారు కాస్త పెరుగన్నం ఉంటే బాగుండు అంటారు. బియ్యం కడిగి కుక్కర్‌లో పోసి, నీళ్లు కొలిచి ఉంచండి. వచ్చాక స్విచ్ వేస్తే చాలు.